గోడ ప్లేటుకి వీజీఏ కేబుల్: ఏ రంగు తీగ ఏ నంబరుకి?

లెక్కల మాస్టారు, పొన్నూరు

అందరికీ నమస్కారం. మా హైస్కూలుకి పాత విద్యార్థులు కలిసి ఒక ప్రొజెక్టర్ కొనిచ్చారు. సీలింగుకి బిగించడం అయిపోయింది. అక్కడి నుంచి బల్ల పక్కన గోడ దాకా 15 మీటర్ల వీజీఏ కేబుల్ (ల్యాప్‌టాప్ బొమ్మని ప్రొజెక్టర్‌కి మోసే పాత రకం కేబుల్) కన్సీల్డ్ పైపులోంచి తీసుకురావాలి. కేబుల్ తల పైపులో పట్టలేదు. ఎలక్ట్రీషియన్ ఒకవైపు తల కోసేసి లాగాడు. గోడకి పెట్టడానికి స్క్రూలు ఉన్న వీజీఏ ప్లేటు తెచ్చాం. దాని వెనక 1 నుంచి 15 దాకా నంబర్లు, చివర ఇంగ్లీషులో జీ అనే అక్షరంతో ఇంకో స్క్రూ ఉన్నాయి.

కోసిన చోట కేబుల్ లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం తీగలు కాస్త లావుగా ఉన్నాయి, ఒక్కోదాని చుట్టూ రాగి జాలీ ఉంది. ఇవి కాక సన్న తీగలు: పసుపు, తెలుపు, బూడిద, గోధుమ, నారింజ, నలుపు. మొత్తం మీద బయట ఇంకో జాలీ.

ఎలక్ట్రీషియన్ తనకి తోచినట్టు బిగించాడు. ప్రొజెక్టర్ ‘నో సిగ్నల్’ అంటోంది. నెట్‌లో చూస్తే మూడు చార్టులు దొరికాయి. మూడూ మూడు రకాలుగా చెబుతున్నాయి. ఏ రంగు ఏ నంబరుకి వెళ్లాలో తెలిసినవాళ్లు చెప్పగలరా? పిల్లలు రోజూ వచ్చి ‘సార్, సినిమా ఎప్పుడు?’ అని అడుగుతున్నారు.

ఈసీఈ కుర్రాడు

సార్ ఇది తీసుకోండి, నేను ప్రాజెక్ట్‌లో వాడింది. ఎరుపు 1, ఆకుపచ్చ 2, నీలం 3, తెలుపు 13, పసుపు 14, గోధుమ 12, నారింజ 15, నలుపు 10, బూడిద 5. పక్కాగా పనిచేస్తుంది.

సోల్డర్ సుబ్బు, హైదరాబాద్

తమ్ముడూ, నీ కేబుల్‌కి పనిచేసింది. మాస్టారి కేబుల్ నువ్వు చూశావా?

మాస్టారూ, ఏ చార్టూ నమ్మొద్దు. ఒక్కటి చెప్పండి. కోసేసిన తల ఎక్కడుంది? పారేశారా?

ఈసీఈ కుర్రాడు

అన్నా, చార్టు నేను కనిపెట్టింది కాదు. చాలా సైట్లలో అదే ఉంది.

సోల్డర్ సుబ్బు, హైదరాబాద్

చాలా సైట్లలో ఉంటే ఒకళ్లది ఇంకొకళ్లు దించుకున్నారని అర్థం. కోఠి గుజరాతీ గల్లీలో ఒకే షాపులో రెండు కేబుళ్లు కొని కోసి చూడు, సన్న తీగల రంగులు ఒకదానికొకటి కలిస్తే నన్నడుగు.

విశ్రాంత రావు

సుబ్బు చెప్పింది నిజం. ఇద్దరూ కొట్టుకోకుండా కారణం కూడా చెప్పుకుంటే కుర్రాడికీ పనికొస్తుంది.

వీజీఏని ఐబీఎం 1987లో తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చింది. ఏ పిన్నులో ఏ సిగ్నల్ ఉండాలన్నది స్థిరపడింది. కేబుల్ లోపలి తీగ తొడుగు ఏ రంగులో ఉండాలో ఎవరూ నిర్ణయించలేదు. ఎరుపు సిగ్నల్ మోసే తీగకి ఎరుపు తొడుగు వేయడం ఎవరికైనా తట్టే పనే కాబట్టి ఆ మూడు లావు తీగలు దాదాపు అన్నిచోట్లా సరిగ్గానే ఉంటాయి. మిగతా సన్నవి ఫ్యాక్టరీవాడి దగ్గర ఆ రోజు ఏ రంగు చుట్టలుంటే ఆ రంగు. ఇంటి వైరింగులో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్ అని కళ్లు మూసుకుని చెప్పగలం. ఇక్కడ అలా కుదరదు.

పిన్నుల సంగతి మాత్రం మారదు. రాసి పెట్టుకోండి:

1 ఎరుపు, 2 ఆకుపచ్చ, 3 నీలం. వాటి తిరుగు దారులు, అంటే వాటి జాలీలు, వరసగా 6, 7, 8.
13 అడ్డం సింక్. 14 నిలువు సింక్. సింక్ అంటే ఒక్కో గీత, ఒక్కో బొమ్మ ఎప్పుడు మొదలవ్వాలో ప్రొజెక్టర్‌కి చెప్పే సిగ్నల్.
12, 15 ప్రొజెక్టర్ తన వివరాలు ల్యాప్‌టాప్‌కి చెప్పుకునే డేటా, క్లాక్ తీగలు.
5, 10 గ్రౌండ్.
9లో ల్యాప్‌టాప్ వైపు నుంచి 5 వోల్టులు. చాలా కేబుళ్లలో ఈ పిన్నే ఉండదు.
4, 11 పాతకాలపు మానిటర్ గుర్తింపు పిన్నులు. ఇవాళ మీకు అక్కర్లేదు.

కాబట్టి ఏ రంగు ఏ నంబరుకి అన్న ప్రశ్నకి జవాబు మీ కేబుల్ దగ్గరే ఉంది, మా దగ్గర లేదు. తల దొరికితే పని పది నిమిషాల్లో అయిపోతుంది.

లెక్కల మాస్టారు, పొన్నూరు

తల ఎలక్ట్రీషియన్ సంచిలోనే ఉందట. ఇందాకే ఫోన్ చేశాను, సాయంత్రం తెచ్చిస్తానన్నాడు. దానికి జానెడు కేబుల్ కూడా ఉంది. మల్టీమీటర్ ఫిజిక్స్ ల్యాబులో ఉంది. ఏం చేయాలో చెప్పండి.

సోల్డర్ సుబ్బు, హైదరాబాద్

భలే. జానెడు చాలు.

ఆ ముక్కకి కోసిన వైపు తొడుగు ఒలిచి తీగలన్నీ విడదీయండి. ఒక్కోదాని చివర కొంచెం రాగి కనబడేలా చేయండి, ఒకదానికొకటి తగలకుండా ఎడంగా పెట్టండి. మీటర్‌ని బజర్ మోడ్‌లో పెట్టండి. ఒక ప్రోబ్ పసుపు తీగకి, రెండోది తల్లోని పిన్నులకి ఒక్కోదానికి తాకించుకుంటూ పోండి. ఏ పిన్ను దగ్గర కూత వస్తే పసుపు ఆ నంబరు. కాగితం మీద రాయండి. తర్వాత తెలుపు. అలా అన్నీ.

పిన్నులు బాగా దగ్గరగా ఉంటాయి. లావు ప్రోబ్ పక్క పిన్నుని కూడా తాకిందంటే తప్పు నంబరు రాసుకుంటారు. ప్రోబ్ మొనకి కుట్టు సూది కట్టుకోండి.

నంబర్లు ఎటు నుంచి లెక్కపెట్టాలో జాగ్రత్త. మగ తల పిన్నులు మీ వైపు ఉండేలా, వెడల్పు అంచు పైకి ఉండేలా పట్టుకుంటే పై వరసలో ఎడమ నుంచి కుడికి 1, 2, 3, 4, 5. మధ్య వరస 6 నుంచి 10. కింద 11 నుంచి 15. ఆడ సాకెట్‌ని ఎదురుగా చూస్తే అంతా అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది, 1 కుడివైపుకొస్తుంది. మధ్య వరసలో నాలుగో పిన్ను లేకపోతే అదే 9. అది మీకు దిక్సూచి.

ఏవీ లక్ష్మి, హైదరాబాద్

ఒక చిన్న మాట కలుపుతాను. నలుపు తీగ ఒక్క పిన్నుకే కాకుండా 5, 10, ఒక్కోసారి 6, 7, 8కి కూడా కూస్తుంది. కంగారు పడొద్దు మాస్టారూ, తల లోపలే గ్రౌండులన్నీ కలిపి అతికించే కంపెనీలున్నాయి. అలాగే ఏదో ఒక తీగ ఏ పిన్నుకీ కూయకపోవచ్చు. కేబుల్‌లో తీగ ఉంటుంది, తల్లో దాన్ని అతికించకుండా కోసేసి ఉంటారు. మా రంగంలో 3+4, 3+6, 3+9 అని అంటాం. మూడు లావు తీగలు, వాటితో పాటు ఇన్ని సన్నవి అని లెక్క. మీరు చెప్పిన వరస చూస్తే మీది 3+6.

డల్లాస్ అబ్బాయి

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాదీ ఇలాంటి గొడవే. ఇక్కడ పాత ఇల్లు కొన్నాం. హాల్లో టీవీ వెనక గోడలోంచి అయిదు కేబుళ్లు కట్ట కట్టి వేలాడుతున్నాయి. ఆకుపచ్చ, నీలం, ఎరుపు, ఎరుపు, తెలుపు. రెండు ఎరుపులు! వెనకటి ఓనర్ ప్లేటు పీక్కుపోయాడు. రెండో చివర అల్మరాలో పాత ఆంప్లిఫయర్‌కి పెట్టి ఉంది, ఆ బరువు కదిపే ఓపిక లేదు. ఏ ఎరుపు ఏదో ఇటువైపు నుంచే చెప్పొచ్చా?

విశ్రాంత రావు

చెప్పొచ్చు. మీది కాంపొనెంట్ వీడియో. ఆకుపచ్చలో వెలుతురు సమాచారం, నీలంలో, ఒక ఎరుపులో రంగు తేడాలు వెళతాయి. తెలుపు ఎడమ ఆడియో, రెండో ఎరుపు కుడి ఆడియో.

ఆంప్లిఫయర్ పవర్ తీసేయండి. ఇటువైపు ఒక్కో కేబుల్ నడి తీగకి, దాని జాలీకి మధ్య ఓమ్‌లు కొలవండి. వీడియో ఇన్‌పుట్ అయితే 75 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. ఆడియో అయితే కిలో ఓమ్‌లలో ఉంటుంది, లేదంటే మీటర్ అసలేమీ చూపదు. 75 చూపిన ఎరుపు వీడియోది.

డల్లాస్ అబ్బాయి

ఒకదానికి 76, ఇంకోదానికి ఏమీ లేదు. అయిపోయింది సార్! ఇంత తేలికా?

సోల్డర్ సుబ్బు, హైదరాబాద్

వీజీఏలో కూడా ఇదే పనిచేస్తుంది. తల పారేసుకున్నవాళ్లకి చెప్పే చిట్కా అది. ప్రొజెక్టర్‌కి కేబుల్ తగిలించి ఉంచి, ఆఫ్ చేసి, లావు తీగకి దాని జాలీకి మధ్య 75 వస్తే ఆ దారి అటు దాకా బాగున్నట్టు. ల్యాప్‌టాప్ కూడా చాలాసార్లు ఈ 75 చూసే అవతల ఎవరో ఉన్నారని కనిపెడుతుంది.

లెక్కల మాస్టారు, పొన్నూరు

తల వచ్చింది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు చుట్టూ చేరి కూతలు లెక్కపెట్టారు. ఫలితం ఇదీ:

పసుపు 12. తెలుపు 14. బూడిద 13. గోధుమ 15. నలుపు 5, 10 రెండూ. నారింజ దేనికీ లేదు, లక్ష్మి గారు చెప్పినట్టే. 9వ పిన్ను అసలు లేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం 1, 2, 3. వాటి జాలీలు 6, 7, 8.

నెట్ చార్టులో పసుపు 14 అని ఉంది, ఇక్కడ 12. బూడిద గ్రౌండ్ అని ఉంది, ఇక్కడ అదే సింక్. ఎలక్ట్రీషియన్ కూడా బూడిదని 5లో పెట్టాడు. నో సిగ్నల్ ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమైంది.

రేపు అతనే వచ్చి దీని ప్రకారం మార్చి బిగిస్తాడు.

ఈసీఈ కుర్రాడు

సార్, నా చార్టుతో కలిసింది మొదటి మూడు రంగులూ, 10లో నలుపూ. సుబ్బన్నా, ఒప్పుకున్నా.

సోల్డర్ సుబ్బు, హైదరాబాద్

నాకొద్దు తమ్ముడూ ఒప్పుకోలు, మీటర్ కొనుక్కో.

లెక్కల మాస్టారు, పొన్నూరు

బొమ్మ వచ్చింది! కానీ అంతా వంగపండు రంగులో వచ్చింది. తెల్ల స్లైడ్ పెడితే గులాబీ, ఊదా కలిపినట్టు కనబడుతోంది. ఆకుపచ్చ చెట్లు నల్లగా ఉన్నాయి. ప్రొజెక్టర్ పాడైందంటారా? కొత్తది, హెచ్ఎం గారు టెన్షన్ పడుతున్నారు.

సోల్డర్ సుబ్బు, హైదరాబాద్

ప్రొజెక్టర్‌కి ఏమీ కాలేదు. ఆకుపచ్చ రావట్లేదు అంతే. తెలుపులోంచి ఆకుపచ్చ తీసేస్తే మిగిలేది అదే రంగు. ఎరుపు పోతే బొమ్మంతా లేత నీలి ఆకుపచ్చ అవుతుంది. నీలం పోతే పసుపు. రంగు చూసి ఏ తీగ ఊడిందో చెప్పొచ్చు.

ప్లేటు వెనక ఆకుపచ్చ ఎక్కడ బిగించారో ఫొటో పెట్టండి.

విశ్రాంత రావు

ఫొటో రాకముందే పందెం కాస్తాను. ఆకుపచ్చ జీ అక్షరం స్క్రూలో ఉంది.

లెక్కల మాస్టారు, పొన్నూరు

రావు గారూ, మీరు పొన్నూరు వచ్చి చూసి వెళ్లారా? నిజంగానే జీ స్క్రూలో ఉంది. నడి తీగ, జాలీ రెండూ కలిపి మెలేసి బిగించాడు. అడిగితే ‘ఆకుపచ్చ ఎర్తే కదండీ, జీ అంటే గ్రౌండే కదండీ’ అన్నాడు.

విశ్రాంత రావు

అతన్ని ఏమీ అనకండి. ముప్పయ్యేళ్లు ఆకుపచ్చ చూస్తే ఎర్త్ అని బిగించిన చెయ్యి అది. ఇంటి వైరింగులో ఆ అలవాటే ప్రాణాలు కాపాడుతుంది. జీ అంటే గ్రౌండ్ అన్నదీ నిజమే. ఆ స్క్రూ ప్లేటు బయటి లోహపు అంచుకి కలుస్తుంది, కేబుల్ మొత్తాన్ని చుట్టిన బయటి జాలీ దానికి వెళ్లాలి. ఈ కేబుల్‌లో ఆకుపచ్చ మాత్రం ఎర్త్ కాదు. బొమ్మలో సగానికి మించి వెలుతురు మోసే తీగ.

ఇప్పుడు చేయవలసింది: ఆకుపచ్చ నడి తీగ 2కి, దాని జాలీ 7కి. ఎరుపు జాలీ 6, నీలం జాలీ 8. జాలీలు మూడింటినీ విడివిడిగా ఉంచండి. మెలేసి ఒకే స్క్రూకి కట్టే అలవాటు చాలామందికి ఉంది, దాని వల్ల బొమ్మ చెడుతుంది. నడి తీగ మీద జాలీ వెంట్రుక ఒక్కటి పడినా ఆ రంగు పోతుంది. స్క్రూకి పెట్టే ముందు జాలీని బాగా మెలేసి పైన సన్న స్లీవ్ తొడగండి.

ఏవీ లక్ష్మి, హైదరాబాద్

సన్న తీగల గురించి కూడా. అవి స్క్రూ కింద నలిగి తెగిపోతాయి. చివరని రెండు మడతలు పెట్టి బిగించండి, లేదా పిన్ లగ్గు నొక్కించండి. బిగించాక ఒక్కో తీగని మెల్లగా లాగి చూడండి. తర్వాత కేబుల్ మొత్తాన్ని టై వేసి బాక్సుకి కట్టండి. రోజూ ఎవరో ఒకరు తల పీకి పెడుతుంటే ఆ ఊపు స్క్రూల మీద పడకూడదు.

ఇంకోటి. ఆ పైపులో కరెంటు వైరు కూడా ఉందా?

లెక్కల మాస్టారు, పొన్నూరు

లేదండి, ప్రొజెక్టర్‌కి కరెంటు పైన సీలింగ్ మీద నుంచే వచ్చింది. ఇది విడి పైపు.

ఏవీ లక్ష్మి, హైదరాబాద్

మంచిది. ఒకే పైపులో ఉంటే బొమ్మ మీద అడ్డ పట్టీలు పైకో కిందకో పాకుతుంటాయి. ఆ ఫిర్యాదుతో రోజుకొకరు ఫోన్ చేస్తారు. అయినా బొమ్మ సంగతి తర్వాత, 230 వోల్టులతో డేటా కేబుల్ కలిసి ఉండటమే ప్రమాదం.

లెక్కల మాస్టారు, పొన్నూరు

రంగులన్నీ వచ్చాయి! ఆకుపచ్చని మార్చగానే తెలుపు తెల్లగా వచ్చింది. సుబ్బు గారికీ రావు గారికీ లక్ష్మి గారికీ స్కూలు తరఫున దండాలు.

రెండు చిన్న లోపాలు మిగిలాయి. మొదటిది, అక్షరాల కుడి పక్కన సన్నగా నీడలా ఇంకో అక్షరం కనబడుతోంది. రెండోది, రేఖాగణితం పాఠంలో వృత్తం గీస్తే దీర్ఘవృత్తంగా వస్తోంది. ల్యాప్‌టాప్‌లో సైజు మారుద్దామంటే 1024×768 దాటి ఇవ్వట్లేదు. ప్రొజెక్టర్ పెట్టె మీద 1280×800 అని ఉంది. లెక్కల మాస్టారి వృత్తం గుండ్రంగా లేకపోతే పిల్లలు వదులుతారా?

విశ్రాంత రావు

రెండోది ముందు చూద్దాం, తేలిక.

1024×768 నిష్పత్తి 4:3. మీ ప్రొజెక్టర్‌ది 16:10. ఆ బొమ్మని అడ్డంగా సాగదీసి తెరంతా నింపుతోంది, అందుకే దీర్ఘవృత్తం. ల్యాప్‌టాప్‌కి అవతల 1280×800 ఉందని తెలియకపోవడం వల్ల వచ్చిన తంటా ఇది. 12, 15 పిన్నుల మీద ప్రొజెక్టర్ తన పేరూ, కొలతలూ చెబుతుంది. ఆ మాట వినబడకపోతే విండోస్ దాన్ని ముక్కూ మొహం తెలియని మానిటర్ అనుకుని జాగ్రత్తగా తక్కువ సైజు ఇస్తుంది. అంటే పసుపు, గోధుమలలో ఒకటి ఎక్కడో తెగింది లేదా తారుమారైంది.

రెండు చివరలూ పీకేసి, ప్లేటు ముందున్న సాకెట్ కన్నంలో సూది పెట్టి, వెనక అదే నంబరు స్క్రూ కింద ఉన్న తీగ రాగికి కూత వస్తుందో లేదో చూడండి. స్క్రూ తలకి కాదు, తీగ రాగికే తాకించాలి.

లెక్కల మాస్టారు, పొన్నూరు

15 దగ్గర స్క్రూకి కూత ఉంది, గోధుమ తీగకి లేదు. విప్పి చూస్తే తీగ రాగి మీద కాక ప్లాస్టిక్ తొడుగు మీద స్క్రూ బిగిసి ఉంది. కొంచెం ఒలిచి మడిచి మళ్లీ పెట్టాం. ల్యాప్‌టాప్‌లో ప్రొజెక్టర్ మోడల్ పేరు వచ్చింది, 1280×800 దానంతటదే తీసుకుంది. వృత్తం వృత్తంలానే ఉంది. స్కేలు పెట్టి కొలిచాను కూడా.

నీడ మాత్రం ఉంది.

విశ్రాంత రావు

నీడ నాకిష్టమైన విషయం. మీరు లెక్కల మాస్టారు కాబట్టి మీకూ నచ్చుతుంది.

1280×800, సెకనుకి 60 బొమ్మలు. చుక్కలు పంపే వేగం 83.5 మెగాహెర్ట్జ్. అంటే ఒక్కో చుక్కకి దాదాపు 12 నానోసెకన్లు. కేబుల్‌లో సిగ్నల్ ఒక మీటరు పోవడానికి సుమారు 5 నానోసెకన్లు పడుతుంది. దారి మొత్తం 75 ఓమ్‌ల పద్ధతిలో ఉంటే సిగ్నల్ ప్రొజెక్టర్‌లో కలిసిపోతుంది. ఎక్కడైనా ఆ పద్ధతి చెడితే కొంత వెనక్కి తిరుగుతుంది. తిరిగి వచ్చినది ఇంకో చెడిన చోట తగిలి మళ్లీ ముందుకెళ్లి, అసలు బొమ్మకి కాస్త ఆలస్యంగా చేరుతుంది. అదే నీడ.

ఇప్పుడు నీడ అసలు అక్షరానికి ఎన్ని చుక్కల కుడివైపుకి పడుతోందో చూడండి. పెయింట్‌లో ఒక్క చుక్క వెడల్పుతో నల్ల నిలువు గీత గీసి, దాని పక్కన 5, 10, 15 చుక్కల దూరంలో గుర్తులు పెట్టి పోల్చండి. ఆ సంఖ్య చెప్పండి.

లెక్కల మాస్టారు, పొన్నూరు

పన్నెండుకీ పదమూడుకీ మధ్య.

12.5 × 12 = 150 నానోసెకన్లు. పోవడం, రావడం కలిపి 150 అయితే ఒకవైపు 75. మీటరుకి 5 చొప్పున 15 మీటర్లు. అంటే మా గోడ కేబుల్ మొత్తం పొడవు! రావు గారూ, ఇది రేపు పదో తరగతికి పాఠం చెబుతాను.

విశ్రాంత రావు

సరిగ్గా అదే. బల్ల నుంచి ప్లేటుకి వెళ్లే చిన్న కేబుల్ తప్పు అయితే నీడ ఒక చుక్క దూరంలోనే పడి అక్షరం కాస్త మసకబారేది. కాబట్టి గొడవ ఈ పొడవు కేబుల్ రెండు చివర్లలోనే ఉంది. ప్రొజెక్టర్ వైపు తల ఫ్యాక్టరీలో పోసినది, అక్కడ చిన్న తేడా ఉన్నా మీరు చేయగలిగిందేమీ లేదు, స్క్రూలు బిగించి ఉన్నాయో లేదో చూడండి చాలు. ప్లేటు వెనక మాత్రం చూడండి. జాలీలు 6, 7, 8లో ఉన్నాయా? నడి తీగలు ఎంత పొడవు ఒలిచి ఉన్నాయి?

లెక్కల మాస్టారు, పొన్నూరు

జాలీలు మూడూ మళ్లీ కలిపి 6లోనే ఉన్నాయి. 7, 8 ఖాళీ. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేలెడు పొడవున ఒలిచి చుట్టలుగా ఉన్నాయి.

సోల్డర్ సుబ్బు, హైదరాబాద్

అదే అదే. ఇందాక రావు గారు విడివిడిగా అని చెప్పారు కదా మాస్టారూ. 7, 8 ఖాళీగా ఉంటే ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లు తిరిగి రావడానికి దారి వెతుక్కుంటూ ఎటో తిరిగి వస్తున్నాయి. పొడవు ఎక్కువైంది కోసేయండి. ఒలిచింది అర అంగుళం లోపు ఉండాలి, జాలీ సొంత నంబరుకే వెళ్లాలి.

లెక్కల మాస్టారు, పొన్నూరు

మార్చాం. దగ్గరికెళ్లి చూస్తే తప్ప నీడ కనబడట్లేదు. చివరి బెంచీ నుంచి అయితే అసలు లేదు.

ఏవీ లక్ష్మి, హైదరాబాద్

పని అయింది కాబట్టి ఇప్పుడు నా అసలు అభిప్రాయం. నేను మీటింగ్ హాళ్లు చేస్తాను. స్క్రూ ప్లేటు నేను పెట్టను. రెండువైపులా ఆడ సాకెట్లు ఉన్న కప్లర్ ప్లేటు పెట్టి, తల ఉన్న కేబుల్‌నే వెనక గుచ్చేస్తాను. పైపు సన్నగా ఉంటేనే స్క్రూ. మీకు వేరే దారి లేదు కాబట్టి తప్పలేదు.

మరో సంగతి. ఇంటెల్, ఏఎండీ, ఇంకొన్ని కంపెనీలు కలిసి 2010 డిసెంబరులోనే ప్రకటించాయి, 2015కల్లా వీజీఏని వదిలేస్తామని. స్కూలుకి వచ్చే కొత్త ల్యాప్‌టాప్‌లో ఈ సాకెట్ ఉంటుందని అనుకోవద్దు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ ఒకటి బీరువాలో పెట్టుకోండి. లోపల చిప్పు ఉన్నదే తీసుకోవాలి. ఉత్త తీగలతో ఈ చివర ఒక తల, ఆ చివర ఇంకో తల అతికించి అమ్మే కేబుల్ పనిచేయదు, ఒకటి డిజిటల్, ఇంకోటి అనలాగ్.

ఈసీఈ కుర్రాడు

లక్ష్మి గారూ, అయితే హెచ్‌డీఎంఐ కేబుల్‌నే ఇలా కోసి స్క్రూ ప్లేటుకి కడితే?

ఏవీ లక్ష్మి, హైదరాబాద్

వద్దు. పంతొమ్మిది పిన్నులు, వాటిలో డేటా తీగలు జంటలు జంటలుగా మెలేసి, మీద రేకు చుట్టి ఉంటాయి. ఆ మెలి కొంచెం విప్పినా వేగం తట్టుకోదు. రంగులు కూడా కంపెనీ కంపెనీకి వేరు. హెచ్‌డీఎంఐకి తల ఉన్న కేబుల్‌నే లాగాలి. ఇంచు పైపులో బిగుతు వంపులు లేకపోతే చాలాసార్లు దూరుతుంది. లేదంటే క్యాట్ 6, అంటే నెట్‌వర్క్ కేబుల్, లాగి రెండు చివరలా సిగ్నల్‌ని దాని మీద మోయించే ఎక్స్‌టెండర్ పెట్టెలు పెట్టాలి. క్యాట్ 6లో రంగులకి మాత్రం ప్రమాణం ఉంది: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. అక్కడ చార్టు నమ్మొచ్చు.

మాస్టారూ, ఆ పైపులో ఇంకా చోటుంటే ఒక నైలాన్ తాడు వదిలేయమని ఎలక్ట్రీషియన్‌తో చెప్పండి. రేపు ఏది లాగాలన్నా అది పనికొస్తుంది.

లెక్కల మాస్టారు, పొన్నూరు

తాడు వేయించాను. పైపు వంపులు రెండే, రెండూ పెద్ద వంపులే అంటున్నాడు. కన్వర్టర్ విజయవాడ వెళ్లినప్పుడు తెస్తాను. ప్లేటు మూత లోపల రంగులు, నంబర్లు కాగితం మీద రాసి అంటించాం.

ఒక్క ప్రశ్న. ప్రొజెక్టర్‌లో స్పీకర్ ఉంది కానీ శబ్దం రావట్లేదు. ఏ తీగ తప్పింది?

సోల్డర్ సుబ్బు, హైదరాబాద్

ఏదీ తప్పలేదు. వీజీఏలో శబ్దం పోదు మాస్టారూ. ఆ తాడుతోనే ఒక ఆడియో కేబుల్ లాగించండి, లేదా స్పీకర్ పెట్టె తెచ్చి ల్యాప్‌టాప్‌కే పెట్టుకోండి.

లెక్కల మాస్టారు, పొన్నూరు

స్పీకర్ పెట్టె స్కూల్లో ప్రార్థనకి వాడేది ఉంది. సోమవారం దాన్నే పెడతాం.